పలచని ల్యాప్‌టాపులు, పలచనైన బ్యాటరీలు

ల్యాప్‌టాపు బరువెంత అని ఎవరైనా చెప్పబోతే, ఛార్జరుతో కలిపి ఎంత అని నేను అడుగుతాను. ఇది చమత్కారానికి అనే మాట కాదు. పొద్దున్నే ఇల్లు వదిలేటప్పుడు భుజాన వేసుకునే సంచికి, తనలో ఉన్నది యంత్రమా, దాని తీగా అన్న వివక్ష ఉండదు. ఉన్నదంతా కలిపి భుజానికి అప్పజెబుతుంది. కంపెనీలు మాత్రం యంత్రం బరువొక్కటే అచ్చువేస్తాయి. దాని పక్కనే, అంతకంటె పెద్ద అక్షరాలలో, మందం ఎన్ని మిల్లీమీటర్లో వేస్తాయి. మందాన్ని భుజం మోయదు. మిల్లీమీటర్లను తూచే త్రాసు ఇంతవరకూ ఎవరూ చేయలేదు.

మన భాషలో ఒక మనిషి నలుగురిలో పలచనయ్యాడంటే గౌరవం పోగొట్టుకున్నాడని అర్థం. ఈ యంత్రాల లోకంలో మాత్రం పలచనయ్యేకొద్దీ గౌరవమూ ధరా రెండూ పెరుగుతున్నాయి. ఆ పెరిగిన గౌరవానికి కట్నం ఎవరు చెల్లిస్తున్నారన్నదే నా ప్రశ్న. చెల్లిస్తున్నది బ్యాటరీ అని, దాని ద్వారా వాడుకునేవాడని నా అభిప్రాయం. తేలికదనం మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు, అది నాకూ కావాలి. నా తగవంతా సన్నదనంతోనే. ఈ రెండూ ఒకటేనని మనల్ని నమ్మించారు. ఒకటి కావు.

కాస్త వెనక్కి వెళ్ళి చూస్తే సంగతి తేటపడుతుంది. 1981లో వచ్చిన ఆస్‌బోర్న్ 1 అనే యంత్రాన్ని మోసుకుపోగల కంప్యూటరు అని అమ్మారు. బరువు దాదాపు 11 కిలోలు. కుట్టుమిషను పెట్టెలా ఉండేది, గోడకు తగిలిస్తే తప్ప పనిచేసేది కాదు. బ్యాటరీయే లేదు కనుక అది ఎన్ని గంటలు వస్తుందన్న బాధా లేదు. ఆ రోజులలోనే జపానులో ఎప్సన్ కంపెనీ హెచ్‌ఎక్స్-20 అనే యంత్రాన్ని తయారుచేసింది. ఏ4 కాగితమంత వైశాల్యం, కిలోన్నర పైచిలుకు బరువు, ఒకసారి ఛార్జి చేస్తే 50 గంటల దాకా పని. 1983లో టాండీ కంపెనీ అమ్మిన టీఆర్ఎస్-80 మోడల్ 100 ఇంకా విచిత్రమైనది. గోడగడియారంలో వేసుకునే సెల్లులు నాలుగు వేస్తే సుమారు 20 గంటలు నడిచేది. అమెరికాలో విలేఖరులు దాన్ని అమితంగా ప్రేమించారు. సెల్లులు అయిపోతే ఏ ఊరి కొట్లోనైనా దొరుకుతాయి, మార్చుకోవడానికి అర నిమిషం చాలు. నిజమే, దాని తెరమీద పట్టేవి 8 వరుసలు, వరుసకు 40 అక్షరాలు. తెర వెనక దీపం లేదు, రంగులు లేవు, సినిమా చూడలేం. నలభై ఏళ్ళనాటి ఆ బుల్లి తెరను నేటి తెరతో పోల్చడం న్యాయం కాదు. అయినా రోజంతా నడిచే యంత్రం అనేది ఈమధ్యనే సాధించిన అద్భుతం కాదని, మధ్యలో పోగొట్టుకుని తిరిగి వెతుక్కున్న వస్తువని చెప్పడానికి ఈ ప్రస్తావన.

సన్నదనం ఒక మతంగా మారింది 2008 జనవరిలో. స్టీవ్ జాబ్స్ వేదిక మీద ఒక కాగితపు కవరులోంచి మ్యాక్‌బుక్ ఎయిర్‌ను బయటికి లాగాడు. ఆ దృశ్యం చూసినవారెవరికైనా అందులో గొప్ప నాటకీయత ఉందని ఒప్పుకోక తప్పదు. యంత్రం 1.36 కిలోలు, అత్యంత మందమైన చోట 19.4 మిల్లీమీటర్లు. లోపల బ్యాటరీ 37 వాట్‌అవర్లు, కంపెనీ చెప్పుకున్న లెక్కన 5 గంటలు. ఆ కవరు మాటున చల్లగా దాటిపోయిన విషయం ఇంకొకటి ఉంది. ఆ బ్యాటరీని కొనుక్కున్నవాడు తీసి మార్చుకోలేడు. అంతవరకు దాదాపు ప్రతి ల్యాప్‌టాపుకూ అడుగున ఒక గొళ్ళెం ఉండేది. జరిపితే బ్యాటరీ ఊడి చేతిలోకి వచ్చేది. ఆ గొళ్ళెం పోయింది. తరువాత 2011లో ఇంటెల్ కంపెనీ తక్కిన తయారీదారులందరినీ అదే బాటలో నడిపించడానికి అల్ట్రాబుక్ అనే పేరు పెట్టి నిబంధనలు వ్రాసింది. చిన్న తెర ఉన్నవాటికి 18 మిల్లీమీటర్ల మందం, 14 అంగుళాలూ ఆపై తెరలకు 21 మిల్లీమీటర్లు మించరాదు. బ్యాటరీ? కనీసం 5 గంటలు వస్తే చాలు. ఏది మించరాదో, ఏది వస్తే చాలునో చూస్తే వ్రాసినవారి మనసు తెలుస్తుంది.

ఇక్కడ వాట్‌అవరు అంటే ఏమిటో ఒక్క ముక్కలో చెప్పుకోవాలి, ఎందుకంటే అంగడిలో అందరూ దాటవేసే అంకె ఇదే. మన ఇళ్ళలో వెలిగే 9 వాట్ల ఎల్ఈడీ బల్బు గంటసేపు వెలిగితే 9 వాట్‌అవర్లు ఖర్చు. 50 వాట్‌అవర్ల బ్యాటరీ ఆ బల్బును అయిదున్నర గంటలు వెలిగించగలదు. బ్యాటరీ ఒక కుండ, వాట్‌అవరు అందులో నీళ్ళ కొలత. కుండ ఎంతదో చెప్పకుండా నీళ్ళు ఎంతసేపు వస్తాయో మాత్రం చెప్పేవాడు, తాగేవాడి దాహం ఎంతో కూడా తానే నిర్ణయించుకుని చెబుతున్నాడన్నమాట. ప్రకటనలలోని గంటలు అటువంటివే. తెర వెలుగును మధ్యస్థంగా ఉంచి, దాచుకున్న సినిమా ఒకటి తిప్పుతూ లెక్కకట్టిన గంటలవి. సినిమా తిప్పడానికి చిప్పులో ప్రత్యేకమైన విభాగం ఉంటుంది, అది చాలా పొదుపరి. పాతిక కిటికీలు తెరిచిపెట్టి, వీడియోలో మీటింగు నడుపుతూ, పగటి వెలుగులో తెర కనబడక వెలుగు పూర్తిగా పెంచుకునేవాడికి అందులో సగం వచ్చినా అదృష్టమే. కనుక గంటలను నమ్మకండి, వాట్‌అవర్లు అడగండి అంటాను. అవి యంత్రం అడుగున సన్నని అక్షరాలతో వ్రాసి ఉంటాయి, లేదా కంపెనీవారి వివరాల పట్టికలో అట్టడుగున ఉంటాయి.

సరే, కుండ పెద్దదైతే బరువు ఎంత పెరుగుతుంది? నా వాదన అంతా ఈ ప్రశ్న మీదే నిలబడుతుంది కనుక కాస్త నిదానిస్తాను.

లిథియం అయాన్ బ్యాటరీని 1991లో సోనీ అంగడిలోకి తెచ్చింది. దాని వెనకున్న రసాయనశాస్త్రానికి 2019లో గుడినఫ్, విటింగ్‌హామ్, యోషినో అనే ముగ్గురికి నోబెల్ బహుమతి వచ్చింది. ఈ బ్యాటరీ చిప్పులలాగా రెండేళ్ళకోసారి రెట్టింపయ్యే జాతి కాదు, ఏటికేడు కొద్దికొద్దిగా మెరుగుపడుతూ వచ్చింది. నేటి మంచి సెల్లులు కిలోకు సుమారు 250 వాట్‌అవర్లు పట్టుకుంటాయి. అంటే 50 వాట్‌అవర్ల బ్యాటరీలో సెల్లుల బరువు దాదాపు 200 గ్రాములు. దాన్ని 75కు పెంచితే అదనంగా పడేది 100 గ్రాములు, కిరాణా కొట్లో కట్టే చిన్న చింతపండు పొట్లం. మనకు పెట్టెలో వచ్చే మామూలు ఛార్జరు ఇటుకా, దాని లావుపాటి మూడుపిన్నుల తీగా కలిపి తూచి చూడండి: 300 గ్రాములకు అటూ ఇటూగా తూగుతుంది. పొట్లం మోయలేమని ఇటుక మోస్తున్నాం.

దీనికి ఒక జవాబు ఉంది, నేనే చెబుతాను. ఈమధ్య గాలియం నైట్రైడుతో చేసిన చిన్న ఛార్జర్లు వచ్చాయి. 65 వాట్లవి నూరు గ్రాములు దాటి ఏ కాస్తో ఉంటాయి. టైప్-సీ రంధ్రంతో ఫోనుకూ ల్యాప్‌టాపుకూ అదే సరిపోతుంది. ఐరోపా సమాఖ్య 2026 ఏప్రిల్ 28 నుంచి ల్యాప్‌టాపులకు కూడా టైప్-సీ తప్పనిసరి అని చట్టం చేసింది. ఇవన్నీ మంచి మార్పులే, ఇటుక బాధను తగ్గిస్తాయి. కానీ ఛార్జరు ఎంత చిన్నదైనా, దాన్ని గుచ్చడానికి గోడ కావాలి కదా. గోడకు కరెంటు కావాలి. 2012లో ఉమ్మడి రాష్ట్రంలో కరెంటు కోతలను అనుభవించినవారికి ఈ వాక్యాన్ని విడమర్చి చెప్పనక్కర లేదు. కోతలు తగ్గిన ఈ రోజుల్లోనూ నలుగురు పిల్లలుండే హాస్టలు గదిలో ప్లగ్గులెన్నో, అందులో పనిచేసేవెన్నో ఒకసారి లెక్కపెట్టి చూడవచ్చు.

ఇక బ్యాటరీని పెంచకుండానే గంటలు పెరిగిన ముచ్చట. దీనికి దొరికే ఉదాహరణలలో 2020 నాటి మ్యాక్‌బుక్ ఎయిర్ అంత శుభ్రమైనది ఇంకొకటి లేదు. ఆ ఏడాదే అది రెండుసార్లు వచ్చింది. మొదట ఇంటెల్ చిప్పుతో, నవంబరులో ఆపిల్ సొంత చిప్పు ఎం1తో. రెండింటి బరువూ 1.29 కిలోలు. రెండింటి మందమూ ఒకటే. రెండింటి బ్యాటరీ 49.9 వాట్‌అవర్లు. కంపెనీ సొంత లెక్కనే వెబ్ చూసుకుంటే మొదటిది 11 గంటలు, రెండవది 15 గంటలు. భాగించి చూడండి: సగటున 4.5 వాట్ల నుంచి 3.3 వాట్లకు దిగింది. ఆ ఎల్ఈడీ బల్బులో సగంకంటె తక్కువ. పైగా రెండవదానికి ఫ్యానే లేదు. అరగ్రాము బరువు పెంచకుండా నాలుగు గంటలు ఇచ్చిన ఆ ఇంజనీర్లకు నేను మనస్ఫూర్తిగా నమస్కరిస్తాను.

మరి ఆ పొదుపును ఏంచేశారు? రెండేళ్ళ తరువాత, 2022లో ఎం2 ఎయిర్ వచ్చింది. 16.1 మిల్లీమీటర్ల నుంచి 11.3కు దిగిందని ఘనంగా చెప్పుకున్నారు. పాతది ఒకవైపు చీలికలా సన్నబడుతూ పోయేది, కొత్తది అంతటా ఒకే మందం; ఆ తేడా చెప్పకపోతే అన్యాయం. అయినా అత్యంత మందమైన చోట దాదాపు 5 మిల్లీమీటర్లు తగ్గింది. బరువు? 1.29 నుంచి 1.24 కిలోలకు. యాభై గ్రాములు. బ్యాటరీ గంటలు ఎన్ని అన్నారంటే, మునుపటివే. సన్నదనం తూకానికి రాదని ఇంతకంటె తేటగా ఎవరు చెప్పగలరు!

ఇదే కథ అంతకుముందు కూడా నడిచింది, ఇంకా ఘోరంగా. 2013లో ఇంటెల్ కొత్త చిప్పు పుణ్యమా అని 13 అంగుళాల ఎయిర్ ఏడు గంటల నుంచి 12 గంటలకు ఎగబాకింది. ఒళ్ళు అదే, బరువు అదే, బ్యాటరీలో పెరిగింది 4 వాట్‌అవర్లే. వాడేవాడికి నేరుగా గంటలు అందిన అరుదైన సంవత్సరం అది. రెండేళ్ళకల్లా బుద్ధి మారింది. 2015లో 12 అంగుళాల మ్యాక్‌బుక్ అని ఒకటి తెచ్చారు. 13.1 మిల్లీమీటర్లు, 0.92 కిలోలు, 39.7 వాట్‌అవర్లు, 9 గంటలు. దాన్ని సన్నబరచడం కోసం కీబోర్డు మీటల అడుగున ఉండే కదలికను కూడా కోసేశారు. ధూళి రేణువు పడితే మొరాయించే ఆ మీటల గొడవ ఏళ్ళ తరబడి నడిచింది. 2019లో ఆ యంత్రాన్నే ఆపేశారు.

అది కిలోకంటె తేలిక కదా, అంత తేలిక కావాలంటే బ్యాటరీని కోయక తప్పదు కదా అని ఎవరైనా అనవచ్చు. దానికి జవాబు కొరియా నుంచి వచ్చింది. 2018 నాటి ఎల్‌జీ గ్రామ్, 14 అంగుళాల తెరది, 995 గ్రాములు. లోపల 72 వాట్‌అవర్లు. ఆ మ్యాక్‌బుక్‌కంటె 75 గ్రాములు ఎక్కువ బరువులో రెండంగుళాల పెద్ద తెర, దాదాపు 1.8 రెట్ల బ్యాటరీ. వారు చేసిన మాయ ఏమీ లేదు, మందాన్ని మూడు మిల్లీమీటర్లకు పైగా వదిలేశారు, ఒంటికి మెగ్నీషియం మిశ్రలోహం వాడారు. అల్యూమినియం సాంద్రత ఘనసెంటీమీటరుకు 2.7 గ్రాములైతే మెగ్నీషియానిది 1.74. బరువు ఎక్కడ తగ్గించాలో అక్కడ తగ్గించారు, బ్యాటరీలో కాదు. అయితే ఆ యంత్రాన్ని అంగడిలో చేతిలోకి తీసుకున్నవారు గోటితో టకటక కొట్టి, ఇదేదో ప్లాస్టికులా ఉందని పెదవి విరవడం నేను కళ్ళారా చూశాను. అల్యూమినియం పలక చల్లగా, గట్టిగా చేతికి తగులుతుంది, అందులో ఒక ఐశ్వర్యం ఉంది. మనం కొనేది ఆ చల్లదనాన్ని. కంపెనీలను ఒక్కటే తిట్టి లాభం లేదు.

ఇంతవరకు చెప్పింది సౌకర్యం సంగతి. నాకు ఎక్కువ పట్టింపు ఉన్నది తరువాతి సంగతి మీద, యంత్రం ఆయుష్షు మీద.

లిథియం బ్యాటరీకి వయసు రెండు విధాల మీదపడుతుంది. ఎన్నిసార్లు నింపి ఖాళీచేశామన్నది ఒకటి, ఎంత వేడిలో, ఎంత నిండుగా ఉంచామన్నది రెండవది. మొదటి దానికి ఒక చిన్న లెక్క వేద్దాం. రోజుకు 60 వాట్‌అవర్లు వాడే విద్యార్థి ఉన్నాడనుకోండి. 40 వాట్‌అవర్ల బ్యాటరీ అయితే రోజుకు ఒకటిన్నర సార్లు నింపాలి. మామూలు ల్యాప్‌టాపు బ్యాటరీలు 300 నుంచి 500 సార్లు నింపేసరికి సత్తువలో అయిదో వంతు దాకా పోగొట్టుకుంటాయి. 500 అనే తీసుకున్నా, 333 రోజులలో, అంటే ఏడాది తిరక్కుండానే ఆ స్థితి వస్తుంది. 72 వాట్‌అవర్లదైతే 600 రోజులు పడుతుంది. అక్కడ మిగిల్చిన బరువు ఎంత? సెల్లుల లెక్కన సుమారు 130 గ్రాములు. చిన్న బ్యాటరీకి గంటలు తక్కువ కావడం మాత్రమే కాదు, అది త్వరగా ముసలిదవుతుంది కూడా. పెద్ద బ్యాటరీ ఉన్నవాడు ఎనభై శాతం దగ్గరే ఛార్జింగు ఆపుకుని, దాని వయసును ఇంకా కాపాడుకోగలడు. చిన్నది ఉన్నవాడికి ఆ విలాసం లేదు, నూటికి నూరు నింపుకోక గతి లేదు.

వేడి విషయంలో మనకు ప్రత్యేకమైన చిక్కు ఉంది. ఆపిల్ తన ల్యాప్‌టాపులను 10 నుంచి 35 డిగ్రీల వాతావరణంలో వాడమని వ్రాస్తుంది. ఆ అంకె వ్రాసినవారు రెంటచింతల ఎండ చూసి ఉండరు. విజయవాడలోనో రామగుండంలోనో మే నెల మధ్యాహ్నం ఏసీ లేని గదిలో 35 డిగ్రీలంటే అది చల్లని రోజు. మన రెండు రాష్ట్రాలలోని అధికశాతం ఇళ్ళలో, ఏటా రెండు మూడు నెలలపాటు, యంత్రం తన కంపెనీవారి హద్దు బయటే పనిచేస్తోంది. సన్నని ఒంట్లో గాలి ఆడే చోటు తక్కువ, చిప్పుకూ బ్యాటరీకీ మధ్య ఎడమూ తక్కువ. అటువంటి యంత్రాన్ని ప్లగ్గు తీయకుండా, పరుపు మీద పెట్టి, పొద్దస్తమానం నూరు శాతం నిండుగా ఉంచితే బ్యాటరీ ఉబ్బుతుంది. ఉబ్బినప్పుడు సన్నని యంత్రంలో అది పోవడానికి ఖాళీ ఉండదు కనుక టచ్‌ప్యాడ్‌ను పైకి తంతుంది, అడుగు మూతను వంచుతుంది. చాలామంది మీట నొక్కుకోవడం లేదని మరమ్మతుకు తెచ్చేది నిజానికి ఈ ఉబ్బునే. అటువంటి యంత్రాన్ని వెంటనే ఆపి, ఛార్జింగు పెట్టకుండా దుకాణానికి తీసుకుపోవాలి, అది నిప్పు అంటుకోగల వస్తువు.

దుకాణం అంటే గుర్తుకు వచ్చింది. సికింద్రాబాదు పార్క్‌లేన్‌లోని చినాయ్ ట్రేడ్ సెంటరు, అదే మనమంతా సీటీసీ అనే చోట, పాత గొళ్ళెం బ్యాటరీల కాలంలో పని నిమిషంలో అయ్యేది. మోడలు నంబరు చెబితే పైనుంచి డబ్బా తీసి ఇచ్చేవారు. అసలుదో నకిలీదో అన్న బేరం వేరే. ఇప్పుడు అడుగు మూత విప్పి, జిగురును వేడిచేసి, మెల్లగా పెకలించి తీయాలి. పెకలించేటప్పుడు సెల్లుకు గాయమైతే పొగ. ఈ జిగురు యుగానికి పేరుపడ్డ ఉదాహరణ 2012 నాటి రెటినా మ్యాక్‌బుక్ ప్రో. 2021 నుంచి వచ్చినవాటిలో లాగితే ఊడే పట్టీలు పెట్టారు, అది సంతోషించవలసిన విషయం.

మా మేనకోడలు ఇంజనీరింగులో చేరినప్పుడు కొన్న ల్యాప్‌టాపు (పేరు చెప్పను) మూడవ ఏడుకల్లా గోడకు కట్టిన గేదె అయింది. తాడు ఎంతవరకు వస్తే అంతవరకే మేత. కంపెనీ సేవాకేంద్రం వారు బ్యాటరీ ఒక్కటే మార్చడం కుదరదని, పైన కీబోర్డుతో కూడిన పలక మొత్తం మార్చాలని, దానికి కొన్న ధరలో మూడో వంతు అవుతుందని చెప్పారు. చిప్పు బాగుంది, తెర బాగుంది, మీటలు బాగున్నాయి. పావుకిలో కూడా లేని రసాయనపు పొట్లం ఒకటి అలసిపోయిందని మిగతా యంత్రమంతా మూలకు పడాలట. తల్లిదండ్రులు అప్పుచేసి కొనిచ్చిన వస్తువు నాలుగేళ్ళ చదువు ముగిసేదాకా కూడా రాకపోవడాన్ని సాంకేతిక ప్రగతి అని నేను అనలేను.

లోపల బిగించిన బ్యాటరీ వల్ల లాభమే లేదా అంటే ఉంది. చేత్తో తీసే బ్యాటరీకి దాని సొంత గట్టి డొక్కు కావాలి, గొళ్ళేలు కావాలి, కొక్కేలు కావాలి. ఆ చోటు కూడా సెల్లులతో నింపవచ్చు. 2009లో ఆపిల్ 17 అంగుళాల యంత్రంలో బ్యాటరీని లోపలికి నెట్టినప్పుడు 8 గంటలు, వెయ్యిసార్ల ఛార్జింగు అని చెప్పింది, ఆ వాదనలో సత్యం ఉంది. నేను పాత గొళ్ళేలే తిరిగి రావాలని మొండిపట్టు పట్టడం లేదు. లోపల ఉండటం వేరు, అతికించి ఉండటం వేరు. నాలుగు స్క్రూలకు పట్టే చోటు ఎంత? 2021లో మొదలైన ఫ్రేమ్‌వర్క్ ల్యాప్‌టాపు 1.3 కిలోలు, 16 మిల్లీమీటర్లలోపు మందం, బ్యాటరీ 55 వాట్‌అవర్లు. పెట్టెలోనే ఒక స్క్రూడ్రైవరు ఇస్తారు, దానితో బ్యాటరీనే కాదు తెరనూ మీటలనూ కూడా ఇంట్లో మార్చుకోవచ్చు. ఆనాటి ఎయిర్‌కూ దీనికీ తేడా నూటికి తొంభైమంది కంటికి ఆనదు.

లెనోవో వారు ఒకప్పుడు ఇంతకంటె సొగసైన ఉపాయం చేశారు. 2013 నుంచి కొన్ని థింక్‌ప్యాడ్‌లలో లోపల ఒక చిన్న బ్యాటరీ, వెనక ఊడదీసే బ్యాటరీ ఇంకొకటి. యంత్రం ఆపకుండానే వెనకది తీసి ఇంకొకటి తగిలించవచ్చు, ఆ కాసేపూ లోపలిది మోస్తుంది. తేలిక కావాలన్న రోజున చిన్నది, దూరప్రయాణమైతే 72 వాట్‌అవర్లది. బరువు ఎంత ఉండాలో కంపెనీ కాక, ఆ రోజు పనినిబట్టి మోసేవాడే తేల్చుకునే ఏర్పాటు అది. 2018 నాటి టీ480తో ఆ ఏర్పాటు ముగిసింది, మరుసటి ఏడు వచ్చిన టీ490 సన్నబడింది. ఇప్పటికీ పాత టీ480లు సెకండ్‌హ్యాండులో వెతికి కొనేవారు ఉన్నారంటే వారిని పాతకాలపు మనుషులని నవ్వడం నావల్ల కాదు.

విమానంలో చేతిసంచిలో ప్రత్యేక అనుమతి లేకుండా తీసుకుపోగల బ్యాటరీ హద్దు 100 వాట్‌అవర్లు. 2019 నాటి 16 అంగుళాల మ్యాక్‌బుక్ ప్రో సరిగ్గా ఆ గీత మీద నిలబడింది, రెండు కిలోల బరువుతో. సన్నని యంత్రాలు చాలామటుకు ఇంకా ఆ గీతకు సగం దగ్గరే తచ్చాడుతున్నాయి. చట్టం ఇచ్చిన చోటును అందం కోసం వదులుకున్నారు.

మార్పు అంగడి నుంచి వస్తుందని నాకు నమ్మకం తక్కువ, చట్టం నుంచి రావచ్చు. ఫ్రాన్సులో 2021 జనవరి నుంచి ల్యాప్‌టాపు ఎంత సులువుగా మరమ్మతు చేయవచ్చో పదికి మార్కులు వేసి, అమ్మేచోట చూపించాలి. ఐరోపా సమాఖ్య 2023లో చేసిన బ్యాటరీల చట్టం ఇంకా ముందుకు వెళ్ళింది. అందులో నిర్ణయించిన తేదీ 2027 ఫిబ్రవరి 18. అప్పటినుంచి అమ్మే యంత్రాలలో చిన్న బ్యాటరీలను వాడుకునేవాడే, బజారులో దొరికే పనిముట్లతో, వేడిచేయకుండా, రసాయనాలు పోయకుండా తీసి మార్చుకోగలగాలి. మోడలు ఆపేశాక కూడా అయిదేళ్ళపాటు విడి బ్యాటరీలు దొరకాలి. మన దేశంలో 2022లో వచ్చిన బ్యాటరీ వ్యర్థాల నియమాలు చచ్చిన బ్యాటరీని ఎవరు సేకరించాలో చెబుతాయి. మంచిదే, కానీ అది అంత్యక్రియల చట్టం. మరమ్మతు హక్కు పేరిట 2022 డిసెంబరులో ఒక పోర్టలు తెరిచారు, మరమ్మతు సూచిక కోసం 2024లో కేంద్రం ఒక సంఘాన్ని కూడా వేసింది. ఆ సూచికను రూపొందించేవారికి నా విన్నపం ఒకటే: సూచికలో బ్యాటరీకి మిగతా అన్ని భాగాలకంటె ఎక్కువ మార్కులు కేటాయించండి. తెర పగిలితే పొరపాటు, బ్యాటరీ పోవడం మాత్రం నిశ్చయం. తప్పక పోయేదాన్ని మార్చుకునే దారి మూసేసిన యంత్రానికి, సన్నగా ఉందని, మెరుస్తోందని మార్కులు వేయకూడదు.

ఐరోపాకు ఒక మూత, మనకు ఒక మూత అని వేరువేరుగా పోతపోయడం కంపెనీలకు దండగ ఖర్చు కనుక, అక్కడి స్క్రూలు మనదాకా వచ్చే అవకాశం ఉంది. ఛార్జరు బరువు అచ్చువేయమని మాత్రం అక్కడి చట్టమూ అడగలేదు. దానికి ప్రస్తుతానికి కూరగాయలు తూచే త్రాసే గతి.